ఆరిన చెమట



మే నెలలో, పొద్దున 5 గంటలకు, చెప్పుల్లేకుండా ఎప్పుడైనా డాబా మీదికి ఎక్కారా? భద్రాచలంలో మా డాబా మీద ఆ వేళకి కూడా అరికాలికి వెచ్చగా తగులుతుంది. నిన్నటి ఎండ అది. రాత్రంతా గోదావరి మీంచి గాలి వీచినా ఆ గచ్చు పూర్తిగా చల్లారదు. నేను చాప పరిచేది ఆ గచ్చు మీదే. గంటసేపు ఆసనాలు వేసేది అక్కడే. లేచి చూస్తే చాప మీద నా వీపు ఎంత ఉందో అంత మేర తడి ఉంటుంది.

వేడిలో చేసే ఈ యోగా గురించే ఇవాళ మీతో కాసేపు మాట్లాడదామని వచ్చాను. హాట్ యోగా అంటారు దీన్ని. నేను డాక్టర్ని కాను. ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు చదువు చెప్పి రిటైరయినదాన్ని. దీంతో నాకు మేలు జరిగింది. ఒకసారి ప్రాణం మీదికి కూడా వచ్చింది. రెండూ చెబుతాను.

నాలుగేళ్ళ కిందట మా అమ్మాయి పురిటికని అమెరికా వెళ్ళాను. డాలస్ దగ్గర ఉంటారు వాళ్ళు. అది జనవరి నెల. బయట గడ్డి మీద మంచు పేరుకుని ఉండేది. చలికి నా మోకాళ్ళు బిగుసుకుపోయాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేదాన్ని. అది చూసి పక్కింటి తెలుగమ్మాయి, "రండి ఆంటీ, ఒకసారి మా క్లాసుకి వచ్చి చూడండి" అని తీసుకెళ్ళింది.

తలుపు తీయగానే మొహాన సెగ కొట్టింది. పెద్ద గది. ఒక గోడ నిండా అద్దాలు. ముప్ఫైమంది దాకా ఉన్నారు. గదిలో హీటర్లు పెట్టి వేడిని 40 డిగ్రీలకు తెచ్చారు. గాలిలో తేమ 40 శాతం. అందులో 90 నిమిషాలు ఉండాలి. నేను నిలబడిపోయాను. ఈ వేడి నాకు కొత్తది కాదు. ఏప్రిల్లో పదకొండు గంటలకు మా చర్ల రోడ్డు మీద కాసే ఎండ ఇదే! ఇక్కడ మేము తలకి తువ్వాలు చుట్టుకుని తప్పించుకు తిరిగే వేడిని అక్కడ డబ్బు కట్టి కొనుక్కుంటున్నారు.

ఈ పద్ధతి పుట్టుక మన దేశానిదే. కలకత్తాలో బిష్ణు చరణ్ ఘోష్ అని పేరున్న వ్యాయామ గురువు ఉండేవారు. పరమహంస యోగానందకు తమ్ముడాయన. ఆయన శిష్యుడు బిక్రమ్ చౌదరి 1970లలో అమెరికా వెళ్ళి, 26 ఆసనాలు, 2 శ్వాస అభ్యాసాలు ఒక వరసలో కూర్చి, వేడి గదిలో నేర్పడం మొదలుపెట్టాడు. అది ప్రపంచమంతా పాకింది. ఆ వరస తన సొంత ఆస్తి అని కోర్టుకెక్కాడు కూడా. 2015లో అమెరికా కోర్టు ఒప్పుకోలేదు. ఆసనాల వరస మీద ఎవరికీ హక్కు ఉండదు పొమ్మంది. న్యాయమైన తీర్పు. ఈలోగా శిష్యురాళ్ళు ఆయన మీద లైంగిక వేధింపుల కేసులు పెట్టారు. 2016లో, ఆయన దగ్గర పనిచేసిన మహిళా లాయరు వేసిన వేధింపుల కేసులో లాస్ ఏంజెలస్ జ్యూరీ ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. చాలా కేంద్రాలు ఆయన పేరు తీసేసి హాట్ యోగా అని మాత్రమే పెట్టుకున్నాయి. గురువు అనే మాటని నమ్మి వెళ్ళిన ఆడపిల్లల గురించి కాబట్టి ఈ సంగతి దాటేసి పోలేకపోయాను.

మళ్ళీ ఆ గదిలోకి వద్దాం. మొదటి రోజు మాకు నేర్పే అమ్మాయి ఒక్కటే చెప్పింది. "ఇవాళ మీరు ఏ ఆసనం వేయకపోయినా ఫరవాలేదు. గదిలో ఉండండి. ఊపిరి ముక్కుతో పీల్చుకోండి. చాలు." ఆ మాట విని తేలికైన పనే అనుకున్నాను. అర్ధచంద్రాసనం దాకా బాగానే ఉంది. గరుడాసనం దగ్గరికి వచ్చేసరికి కనుబొమల మీంచి చెమట కళ్ళలోకి దిగింది. ఉప్పు మంట. తుడుచుకుందామని చెయ్యి లేచింది. తుడుచుకోవద్దు, అలాగే నిలబడండి అంది ఆ అమ్మాయి. చెయ్యి దించేశాను. ముక్కు చివర ఒక బొట్టు వేలాడుతోంది. అది రాలేదాకా చూస్తూ ఉండిపోయాను. ఆ నాలుగు క్షణాలు నా మనసులో ఇంకో ఆలోచన లేదు. మనవడి పాల సంగతి లేదు, మోకాలి నొప్పి లేదు, ఇండియాలో తాళం వేసి వచ్చిన ఇల్లు లేదు. నలభై ఏళ్ళు పూజ గదిలో కూర్చుని కళ్ళు మూసుకున్నా నాకు అంత నిలకడ దొరకలేదు.

నాకు దక్కిన మొదటి ఫలితం అదే. మోకాళ్ళ మాట తర్వాత. వేడిలో మనసు పక్కకి పోదు. పోతే పడిపోతాం.

రెండో వారంలో కష్టాలు మొదలయ్యాయి. రాత్రిపూట పిక్కలు పట్టేసేవి. తలనొప్పి. నీళ్ళు చెంబులకి చెంబులు తాగుతున్నాను, అయినా నీరసం. ఎందుకో తర్వాత తెలిసింది. చెమటతో నీళ్ళు ఒక్కటే పోవు, ఉప్పు కూడా పోతుంది. నేను నీళ్ళు తాగుతున్నాను, ఉప్పు వేసుకోవడం లేదు. మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగడం మొదలుపెట్టాక పిక్కలు వదిలాయి.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి. కొత్తగా వేడిలోకి వెళ్ళిన ఒంటికి అది అలవాటు కావడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో ఒళ్ళు కొన్ని పనులు నేర్చుకుంటుంది. చెమట ముందుగానే పట్టడం మొదలవుతుంది. చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. ఒంట్లో రక్తం పలచనై కాస్త పెరుగుతుంది. గుండెకి పని తేలికవుతుంది. ఇదంతా రెండు వారాలు ఓపిక పడితేనే. అందుకే ఎండాకాలంలో మొదటి ఎండలు చాలా ప్రమాదం. అదే ఎండ నెల పోయాక కాస్త ఓర్చుకోగలుగుతాం. యోగాకి వర్తించేదే కూలి పనికి కూడా వర్తిస్తుంది. కొత్తగా పనిలోకి వచ్చిన మనిషిని మొదటి రోజే పూర్తి ఎండలో నిలబెట్టకూడదు. మీ దగ్గర పనిచేసేవాళ్ళు ఉంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి. పది రోజుల నుంచి రెండు వారాలు.

నెల తిరిగేసరికి గోడ పట్టుకోకుండా మెట్లు దిగాను. రాత్రి పదింటికి పడుకుంటే పొద్దున్నే మెలకువ. మధ్యలో లేవడం లేదు. అంత నిద్ర నాకు పెళ్ళికి ముందు ఉండేది. ఇదంతా వేడి మహిమే అని నేను గట్టిగా నమ్మాను. అక్కడే పొరపాటు చేశాను.

మార్చి నెలాఖరుకి ఇంటికి వచ్చాను. ఇక్కడ ఇప్పపువ్వు రాలే కాలం. మా మన్యంలో హీటర్ ఎందుకు, సూర్యుడే ఉన్నాడు కదా అనుకున్నాను. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. మే నెలలో ఒకరోజు, పదకొండు గంటల వేళ, ఆ రేకుల కింద చాప వేశాను. కరెంటు లేదు. ఒక పక్క ఆకాశంలో మబ్బు పట్టి ఉంది. ఒకటే ఉక్కపోత. ఉష్ట్రాసనం వేశాను. మోకాళ్ళ మీద నిలబడి, వెనక్కి వంగి, మడమలు పట్టుకునే ఆసనం. అందులో తల వెనక్కి వాలుతుంది. పైకి లేచేటప్పుడు కళ్ళు తిరిగాయి. చెవుల్లో హోరు. గోడ ఎటుందో తెలియలేదు.

వెనక దొడ్డి దారిన బీడీలు చుట్టే తునికాకు కోసి తెస్తున్న కోయ ఆడవాళ్ళు ఇద్దరు చూశారు. ఒకామె తలమీది మూట దించేసి వచ్చింది. నన్ను వేపచెట్టు కిందికి లాక్కొచ్చి పడుకోబెట్టింది. తన పైట కొంగు తడిపి మెడ మీద, చంకల్లో అద్దింది. విసిరింది. నాకు కాస్త తెలివి వచ్చాక సొరకాయ బుర్రలోంచి జావ పోసి ఇచ్చింది. ఉప్పు వేసిన జావ, కాస్త పులిసింది.

"ఏంది టీచరమ్మా, ఈ యేళప్పుడు రేకుల కిందేం పని?" అంది. చెప్పాను. ఒంటికి మంచిదని చెమట పట్టిస్తున్నానని. ఆమె నవ్వలేదు. కాసేపు చూసి అంది. "మేం తెల్లారక ముందే అడివికి పోతం. ఎండెక్కక ముందే వస్తం. తప్పక పోతం గానీ, ఎండ కోసరం ఎవరన్న పోతరా?"

ఆ మాట నాకు పాఠం చెప్పింది. తునికాకు కోసేవాళ్ళ రోజు ఎలా నడుస్తుందో మన్యంలో ఉన్న శ్రోతలకు తెలుసు. పట్నం శ్రోతల కోసం చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో చీకటితోనే లేచి అడవిలోకి వెళతారు. పది, పదకొండు లోపల మూటతో ఇల్లు చేరతారు. మిట్టమధ్యాహ్నం నీడన కూర్చుని 50 ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కడతారు. పొద్దు వాలాక కల్లానికి తీసుకెళ్ళి అమ్ముతారు. పని ఆగదు. కానీ పొద్దు ఎక్కేకొద్దీ పని నీడలోకి జరుగుతుంది. అమెరికాలో 90 నిమిషాల క్లాసులో నాకు ఎవరూ నేర్పని తెలివి అది.

మరి రేకుల కింద నాకు ఏమైంది? డాలస్‌లో 40 డిగ్రీల్లో పడిపోనిదాన్ని ఇక్కడ ఎందుకు పడిపోయాను? నాకు తెలిసినంతలో చెబుతాను. చెమట కారితే ఒళ్ళు చల్లబడదు. చెమట ఆరితే చల్లబడుతుంది. మట్టికుండ గుర్తు తెచ్చుకోండి. కుండ గోడల్లోంచి నీరు ఊరి, బయట గాలికి ఆరితేనే లోపలి నీళ్ళు చల్లనవుతాయి. కుండని గాలి ఆడని చోట పెడితే నీరు ఊరుతూనే ఉంటుంది, చల్లబడదు. ఆ రోజు గాలిలో తేమ నిండుగా ఉంది. ఫ్యాను లేదు. నా చెమట ధారగా కారిందే గానీ ఆరలేదు. నాకేమో ధారగా కారుతోందని సంతోషం! మళ్ళీ చెబుతున్నాను. కారిన చెమట మనల్ని కాపాడదు. ఆరిన చెమట కాపాడుతుంది.

ఆ తర్వాత దీని గురించి చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో పరిశోధకులు మధ్యవయసు వాళ్ళని తీసుకుని, ఇవే 26 ఆసనాలు కొందరి చేత వేడి గదిలో, కొందరి చేత మామూలు గదిలో చేయించారు. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. రక్తనాళాల ఆరోగ్యం రెండు గుంపుల్లోనూ మెరుగుపడింది. అంటే ఆ మేలు ఆసనాలదే. దానికి వేడి అక్కర్లేదు. 2023లో మసాచుసెట్స్ వాళ్ళు ఇంకో సంగతి బయటపెట్టారు. మనోవ్యాకులతతో బాధపడే 80 మందిని తీసుకుని, కొందరికి 8 వారాలు వేడి గదిలో యోగా నేర్పి, మిగతావాళ్ళని ఆగమన్నారు. యోగా చేసినవాళ్ళలో సగానికి పైగా మనుషులకు దిగులు సగానికి సగం తగ్గింది. ఇది చిన్న సంగతి కాదు. దిగులుతో మంచం దిగని మనిషి ఇంట్లో ఉంటే దాని విలువ మీకు తెలుస్తుంది. అయితే వాళ్ళని మామూలు గదిలో యోగా చేసినవాళ్ళతో పోల్చి చూడలేదు. కాబట్టి ఇందులో వేడి వాటా ఎంతో విడదీసి చెప్పడానికి లేదు.

ఇక ఒళ్ళు తగ్గడం. చాలామంది నన్ను అడిగేది ఇదే. క్లాసు అయ్యాక కాటా ఎక్కితే కిలో తగ్గి కనిపిస్తుంది. అది నీళ్ళ బరువు. నాలుగు గ్లాసుల మజ్జిగ తాగగానే తిరిగొస్తుంది. చెమటలో కొవ్వు కరిగిపోదు. దీని మీద ఇంక మాటలు అనవసరం.

మన పాత గ్రంథాల్లో ఏముందో అని కూడా వెతికాను. స్వాత్మారాముడి హఠయోగ ప్రదీపికలో ప్రాణాయామం వల్ల పట్టిన చెమటని ఒంటికే మర్దించుకోమని ఉంది. సాధన మొదలుపెట్టినవాడు నిప్పు దగ్గర కూర్చోవద్దని కూడా అందులోనే ఉంది. నాలుకని దొన్నెలా మడిచి గాలి పీల్చే శీతలీ ప్రాణాయామం ఉండనే ఉంది, ఒళ్ళు చల్లబరచుకోవడానికి. చెమట అభ్యాసంలోంచి పుట్టాలన్నారు. గదిని కాచమని చెప్పలేదు.

అంత దాకా ఎందుకు? మన భద్రాచలం రాములవారి కల్యాణం చూడండి. చైత్రమాసం, మిట్టమధ్యాహ్నం. మిథిలా స్టేడియం నిండా జనం. విసనకర్రలు ఆడుతూనే ఉంటాయి. అంతమంది అంత ఎండలో కూర్చుంటారని తెలిసే పెద్దలు ప్రసాదం ఏం పెట్టారు? పానకం. వడపప్పు. బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన నీళ్ళు. నానబెట్టిన పెసరపప్పు. వడ కొట్టకుండా కాపాడే పప్పు కాబట్టే వడపప్పు అన్నారని మా నాయనమ్మ చెప్పేది. ఎండలో కూర్చోబెట్టినవాళ్ళు దానికి విరుగుడు కూడా చేతిలో పెట్టి పంపారు. డాబా దిగగానే నేను ఇప్పటికీ అదే తాగుతాను. చిన్న చెంబుడు పానకం, అందులో చిటికెడు ఉప్పు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. పొద్దున 5 గంటలకు డాబా ఎక్కుతాను. 6 దాటితే దిగుతాను. రోహిణి కార్తెలో ఇంకా ముందే దిగుతాను. గాలి ఆడుతోందో లేదో ముందు చూసుకుంటాను. ఆకు కదలని రోజు ఆసనాలు తగ్గించి శవాసనం పెంచుతాను. ఆ వేళకి కూడా మా ఊళ్ళో చెమట దండిగానే పడుతుంది, కొదవలేదు. వేడికి కండరాలు మెత్తబడి ఒళ్ళు ఎక్కువగా వంగుతుంది. ఇది మంచిదే, ప్రమాదమూ ఇదే. చలికాలంలో అందని కాలిబొటనవేలు మే నెలలో అందుతుంది. అందింది కదా అని ఇంకా లాగితే ఆ నొప్పి సాయంత్రానికి తెలుస్తుంది. ఒకసారి తొడ వెనక నరం పట్టి మూడు వారాలు కుంటుతూ నడిచాను. ఇప్పుడు అందిన చోట ఆగుతాను. ఆగడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

కొందరు దీని జోలికి రాకూడదు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు వేడిలో యోగా చేయవద్దు. బీపీ మందులు వాడేవాళ్ళు, ఒంట్లో నీరు తీసే మాత్రలు వేసుకునేవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టవద్దు. వేడికి రక్తనాళాలు వదులవుతాయి. బీపీ దానంతట అదే పడుతుంది. పైన మాత్ర కూడా వేసుకుని ఉంటే కళ్ళు తిరిగి పడిపోతారు. వీళ్ళు డాక్టర్ని అడిగి, చల్లగా ఉన్న గదిలో, ఫ్యాను కింద, తమకు తగిన ఆసనాలు వేసుకోవచ్చు. రక్తనాళాలకి మేలు అక్కడా జరుగుతుందని ఇందాక చెప్పుకున్నాం.

ఇంకొక్క మాట. డాలస్ గదికి తలుపు ఉండేది. ఊపిరి ఆడకపోతే తలుపు తీసుకుని బయటికి రావచ్చు. నాకు ఆ తలుపు గుర్తొచ్చినప్పుడల్లా మన చుట్టూ ఉన్నవాళ్ళు గుర్తొస్తారు. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వడం మొదలైన దగ్గర్నుంచి తరతరాలుగా ఈ నేల మీద వేడిలో పనిచేసేవాళ్ళు ఉన్నారు. మణుగూరు, కొత్తగూడెం ఓపెన్‌కాస్టుల్లో మే నెల మధ్యాహ్నం నల్లటి బొగ్గు మీద ఎండ కాస్తుంటే డంపరు నడిపే మనిషికి ఏ తలుపు ఉంది? ఖమ్మం చుట్టూ చేలల్లో మిర్చి ఏరే ఆడకూలీకి ఏ తలుపు ఉంది? 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది పొట్టకూటికి ఎండలోకి వెళ్ళినవాళ్ళే. వేడిని కోరి తెచ్చుకునే నాలాంటివాళ్ళం కోరకుండానే వేడిలో ఉన్నవాళ్ళ గురించి తెలుసుకుని ఉండాలి.

కాబట్టి ఇది గుర్తుంచుకోండి. ఎండలో ఎవరైనా తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా వెంటనే నీడకి చేర్చండి. బట్టలు వదులు చేయండి. తడిగుడ్డ అద్దండి. విసరండి. తడిపితే చాలదు, విసరాలి. ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు, ఆ తడి ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు పోయవద్దు. 108కి ఫోన్ చేయండి. నాకు ఆ కోయ ఆడమనిషి ఏ పుస్తకం చదవకుండా సరిగ్గా ఇదే చేసింది.

తునికాకు కాలంలో మా దొడ్డి దారిన ఇప్పటికీ వాళ్ళు మూటలతో వెళుతుంటారు. వేపచెట్టు కింద ఒక కుండ పెట్టించాను. పొద్దున్నే డాబా దిగి, నా పానకం కలుపుకున్నాక, ఆ కుండ నింపుతాను. పక్కన ఒక డబ్బాలో ఉప్పు ఉంటుంది. మీ వాకిట్లో కూడా ఒక కుండ పెట్టండి. గాలి ఆడే చోట పెట్టండి.